అడవికని సర్దిన సామాను

ఈ మొత్తం వ్యవహారంలో తప్పు తన బామ్మర్ది ధర్మేందర్‌దేనని మల్సూర్ ఇప్పటికీ అంటాడు. వినేవాళ్ళు తగ్గిపోయారు కాని ఆయన అనడం మానలేదు. ధర్మేందర్ మిర్యాలగూడలో ట్రాక్టర్ల షోరూంలో అమ్మకాలు చూస్తాడు. ఎదుటివాడు అడిగిందానికి తప్ప దేనికీ జవాబు చెప్పకూడదని ఆ ఉద్యోగం అతనికి నేర్పింది. ట్రాక్టర్లు బాగా అమ్మినందుకు ఆ ఏడాది కంపెనీ అతనికి ఒక కూపన్ ఇచ్చింది. సాగర్ అవతల అడవిలో, చెక్కతో కట్టిన చిన్న ఇంట్లో, ఇద్దరు మనుషులకు రెండు రోజుల బస. సరిగ్గా ఆ రెండు రోజుల్లోనే అతని అత్తగారింట్లో పెళ్ళి పడింది. కూపన్ పాడైపోతుందే అన్న బాధతో దాన్ని అక్క శోభకు ఇచ్చేశాడు. శోభ దాన్ని ప్రేమ అనుకుంది.

"అడివి బావా," అన్నాడు ధర్మేందర్ ఫోన్‌లో. "జనం ఉండరు, దుకాణం ఉండదు, సిగ్నల్ గూడ సక్కగ రాదు. రెండు దినాలు మనసు నిమ్మలంగ ఉంటది. శనివారం పొద్దుగాల కోదాడ నుంచి కారు పంపిస్త. తయారుగ ఉండుండ్రి."

అంతే చెప్పి పెట్టేశాడు. అడవి గురించి మల్సూర్‌కు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఏడో తరగతి మధ్యలో పుస్తకాల సంచి కొయ్యకు తగిలించి, తండ్రి గొర్ల మంద వెంట పోయిన మనిషి ఆయన. ఎండాకాలం మేత కోసం కృష్ణ దాటి నెలల తరబడి అడవుల్లో పడుకున్నాడు. తర్వాత గొర్లు పోయాయి, తండ్రి పోయాడు, వరి మిగిలింది. కాని అడవికి పోయేటప్పుడు ఏమేం కట్టుకోవాలో ఇంకా నోటికి వచ్చు. జనం లేరు, దుకాణం లేదు అంటే ఆయన లెక్కలో దానికి ఒక్కటే అర్థం.

శనివారం పొద్దున శోభ తల దువ్వుకొని బయటికి వచ్చేసరికి వాకిలి నిండిపోయి ఉంది. వెదురు బొంగులు, నీలం టార్పాలిన్, గడ్డపార, గొడ్డలి, ఒక చుట్ట తాడు, నులక మంచం, రెండు గొంగళ్ళు, ఇనుప పొయ్యి, కట్టెల మోపు, అన్నం వండే గంజు, నీళ్ళ డ్రమ్ము, అర బస్తా బియ్యం, ఉప్పూ పప్పూ మూట. మల్సూర్ నడుమ నిలబడి, ఇంకేం మరిచానా అన్నట్టు గడ్డం గోక్కుంటున్నాడు.

"ఏందయ్యా ఇది? మనం పోయేది రెండు దినాలకా, రెండు కార్తెలకా?" అంది శోభ.

"అడివంటే నీకేమెరుక? వాన పడితే ఏం కప్పుకుంటవ్? ఆకలైతే ఏం తింటవ్?"

"చెక్క ఇల్లున్నదన్నడు గద తమ్ముడు."

"చెక్క ఇల్లంటే మంచెనే. నేనెన్ని సూడలె? నాలుగు కర్రలు పాతి మీద ఇంత ఆకు కప్పుతరు. కాళ్ళు లోపట పెడితే తల బయటుంటది."

"నా తమ్ముడు నన్ను మంచె మీదికి పంపుతడా?"

"ట్రాక్టర్ కొన్నోళ్ళను అడుగు, నీ తమ్ముడు ఏడికి పంపుతడో."

శోభ లోపలికి పోయింది. ఆమె సర్దుకున్నది ఒక్కటే సంచి. అందులో రెండు కొత్త చీరలు, కొబ్బరినూనె, సబ్బు, ఒక పుడ అగరొత్తులు, అగ్గిపెట్టె. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె చూసిన ఊళ్ళన్నీ ఒకరి పెళ్ళికో, ఒకరి దవాఖానకో పోయి చూసినవే. ఊరికే, ఏ పనీ లేకుండా ఒక చోటికి పోవడం ఎట్లా ఉంటుందో చూడాలని వారం నుంచి ఆమెకు నిద్ర పట్టడం లేదు.

నిద్ర పట్టనిది మల్సూర్‌కు కూడా. ఆయన సంగతి వేరు. ఆయన నిద్ర చెడగొట్టేవి మూడు గుంటలు.

నడిగూడెం పక్కన, కాలువ గట్టు కింద, మల్సూర్ మడికీ ఆయన అన్న రామలింగయ్య మడికీ నడుమ ఆ మూడు గుంటల నేల చెక్క ఉంది. పంపకాల్లో అది ఎవరి వంతుకూ రాలేదు. తమ్ముడు దున్నిన ఏడు అన్న బర్రెలను తోలేవాడు, అన్న నారు పోసిన ఏడు తమ్ముడు గండి కొట్టేవాడు. పెద్దమనుషులు రెండుసార్లు కూర్చున్నారు, రెండుసార్లూ చాయ తాగి లేచారు. సర్కారు దాకా మాత్రం ఇద్దరిలో ఎవడూ పోలేదు. నా భూమి కొలిపించమని నేనెందుకు అడుక్కోవాలన్నది ఇద్దరి మాటా.

ఆ ఊళ్ళో ఇలాంటి జాగాలకు ఒక పద్ధతి ఉంది. ఎవరు ముందుగా గుడిసె వేసి, పొయ్యి ముట్టించి, ఇంత అన్నం వండుకుంటారో జాగా వాళ్ళ చేతిలో ఉన్నట్టే. పొగ లేస్తున్న గుడిసెను ఎవరూ పీకరు. మనిషి లేని గుడిసెనైతే అడగకుండా పీకేస్తారు. అందుకే అన్నదమ్ములిద్దరూ ఏళ్ళ తరబడి ఒకరి వాకిలి మీద ఒకరు కన్నేసి ఉంచారు. హుజూర్‌నగర్‌లో మేనత్త కొడుకు పెళ్ళి అయినా ఒకడు పోతే ఇంకొకడు ఊళ్ళోనే ఉండేవాడు. ఇప్పుడు మల్సూర్ రెండు రోజులు ఊళ్ళో ఉండడని తెలిస్తే, ఆయన తిరిగి వచ్చేసరికి ఆ మూడు గుంటల్లో రామలింగయ్య అన్నం ఉడుకుతుంటుంది. అందుకని శోభకు గట్టిగా చెప్పాడు, "ఎవలకు చెప్పకు. అడిగినా చెప్పకు."

ఆ జాగ్రత్తే కొంప ముంచింది.

కారులో ఇంత సామాను పట్టదని మల్సూర్ కిష్ట్యా ఆటో ట్రాలీ కిరాయికి పిలిచాడు. కిష్ట్యా ట్రాలీ వెనక్కి తిప్పి వాకిట్లో ఆపి, బొంగులు ఎక్కించసాగాడు. ఎదురుగా కిరాణా కొట్టు పెద్దులుది. పొద్దున్నే బేరాలు తక్కువ, చూపు ఎక్కువ.

"ఏడికి పయనం మల్సూరూ?" అన్నాడు పెద్దులు, కొట్టు మెట్టు మీద నుంచి.

"ఏడికి లేదే పెద్దులన్నా."

"మరి గీ బొంగులు?"

"ఎండకు పెడుతున్న."

"పొయ్యి?"

"తుప్పు పట్టింది."

"బియ్యం?"

"పురుగు పట్టినయ్."

"గడ్డపార గూడ పురుగు పట్టిందా?"

మల్సూర్ తాడు బిగించాడు. పెద్దులు లేచాడు. కొట్టు తలుపు దగ్గరికి వేసి, చెప్పులు తొడుక్కొని, వెనక సందులోంచి నడిచాడు. ఆ సందు నేరుగా రామలింగయ్య ఇంటికి పోతుంది.

అక్కడ జరిగింది తర్వాత పెద్దులే చాలామందికి చెప్పాడు. రామలింగయ్య అద్దం ముందు కూర్చొని గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప అయ్యింది, రెండోదానికి సబ్బు పట్టించాడు.

"బొంగులు, టార్పాలిన్, గడ్డపార," అన్నాడు పెద్దులు.

రామలింగయ్య కత్తి ఆపాడు. "పొయ్యి?"

"ఇనుపది. కట్టెలతోని."

"బియ్యం ఏమన్న పెట్టిండా?"

"అర బస్తా."

"అర బస్తా అంటే నెల దినాలు లేవడు వాడు," అని రామలింగయ్య తువ్వాలతో సబ్బు తుడిచేసుకున్నాడు. గొడ్ల కొట్టం మీది రేకులు రెండు పీకి, పందిరి గుంజలు ఊడదీసి, ట్రాక్టర్ మీద వేశాడు. లోపల ఆయన భార్య ధనలక్ష్మి అన్నం వండుతోంది. అన్నం దించనివ్వలేదు, పొయ్యిలో కట్టెలు ఆరనివ్వలేదు. నిప్పులు ఒక బకెట్లో, గంజు ఒక చేతిలో పట్టుకొని ఆమె ట్రాక్టర్ ఎక్కింది. ఎందుకని అడిగితే దారిలో చెప్తానన్నాడు. దారిలో ఇంజను మోతకు ఏమీ వినపడలేదు.

ఈలోగా మల్సూర్ వాకిట్లోకి తెల్ల కారు వచ్చి ఆగింది. శోభ లోపల కూర్చుంది, సంచి ఒళ్ళో పెట్టుకుంది. డ్రైవర్ కోదాడ కుర్రాడు, మర్యాద తెలిసినవాడు, ఏసీ వేశాడు. మల్సూర్ ఇంటికి తాళం వేసి, ఒక కాలు కారులో పెట్టాడు. అప్పుడే పెద్దులు వెనక సందులోంచి రొప్పుతూ వచ్చాడు.

"జర ఆలిశం చేసినవ్ మల్సూరూ. మీ అన్న గాడ గుంజలు పాతుతున్నడు."

"ఏడ?"

"ఏడంటే ఏం చెప్పాలె. నువ్వు పాతుదామనుకున్న కాడనే."

మల్సూర్ కాలు కారులోనే ఉంది. చెయ్యి తలుపు మీద ఉంది. ఆయన ముఖం మాత్రం కాలువ వైపు తిరిగిపోయింది.

"ఎక్కు," అంది శోభ.

"శోభా, మూడు గుంటలు."

"వచ్చినంక సూద్దువు. ఎక్కు."

"వచ్చినంక సూడనీకె ఏముంటది? పొగుంటది."

ఆయన కాలు బయటికి తీశాడు. ట్రాలీ ముందు సీటులో కిష్ట్యా పక్కన ఎక్కి, "కాలువ కాడికి పోనీ," అన్నాడు. అడవి వరకని మాట్లాడుకున్న కిరాయి కాలువ వరకైనా అదే ఉంటుందని కిష్ట్యా చెప్పాడు. బేరమాడే తీరిక మల్సూర్‌కు లేదు.

పొలం దగ్గరికి చేరేసరికి రామలింగయ్య రేకులు ఎక్కించడం అయిపోయింది. పొయ్యి మండుతోంది, పొగ తిన్నగా పైకి లేస్తోంది. మల్సూర్ సామాను దించాడు. అన్న గుడిసెకు ఎదురుగా, మనిషి పడుకునేంత ఎడం విడిచి, గడ్డపారతో గోతులు తీశాడు. బొంగులు నిలబెట్టాడు, టార్పాలిన్ కప్పాడు, నులక మంచం వేశాడు. గొర్ల కాపరి చేతులు కదా, పని తొందరగానే అయ్యింది. చూడడానికి అన్న గుడిసె కన్నా బాగుంది. పొయ్యి పెట్టాడు, కట్టెలు పేర్చాడు, జేబులు తడుముకున్నాడు. బీడీలు మానేసి రెండేళ్ళయింది.

అగ్గిపెట్టె శోభ సంచిలో ఉంది. శోభ కారులో ఉంది. కారు వెనకే వచ్చి కాలువ గట్టు మీద ఆగి ఉంది, అద్దాలు ఎక్కించి.

మల్సూర్ గట్టెక్కి అద్దం మీద కొట్టాడు. శోభ అటు తిరిగి కూర్చుంది. ఇంకోసారి కొట్టాడు. డ్రైవర్ అద్దం నాలుగు వేళ్ళంత దించి, "మేడం గారు దించొద్దన్నారండి. సాయంత్రం ఆరింటికల్లా వెళ్ళకపోతే గది వేరే వాళ్ళకిచ్చేస్తారంట, మీకు చెప్పమన్నారు," అని మళ్ళీ ఎక్కించాడు.

మల్సూర్ మడి గట్టున కూలబడి ధర్మేందర్‌కు ఫోన్ చేశాడు. వెనక డప్పుల చప్పుడు వినపడుతోంది.

"ఏంరా, గాడ వండుకోనీకె పొయ్యిలుంటయా?"

"పొయ్యెందుకు బావా? మూడు పూటలు వాళ్ళే వండి పెడతరు. మంచాలు, పరుపులు, ఉడుకు నీళ్ళు, అన్నీ ఉంటయ్. ఉట్టి చేతులతోని పోతే సాలు."

"గా ముచ్చట ముందుగాల ఎందుకు చెప్పలె?"

"నువ్వు అడగలె గద బావా."

ఫోన్ జేబులో పెట్టుకుంటూ మల్సూర్ గట్టు వైపు చూశాడు. పొగకు కళ్ళు మండి ధనలక్ష్మి కొంగుతో తుడుచుకుంటూ గట్టెక్కుతోంది. తోడికోడళ్ళ నడుమ మాటలు లేక చాలా ఏళ్ళయింది. ఆమె కారు దగ్గరికి పోయి నడుము మీద చెయ్యి పెట్టుకుంది. తిట్టడానికే పోయిందని మల్సూర్‌కు, రామలింగయ్యకు ఇద్దరికీ అనిపించింది, ఇద్దరికీ కొంచెం ధైర్యం కూడా వచ్చింది. అద్దం దిగింది. మాటలు గాలికి ముక్కలు ముక్కలుగా వినపడ్డాయి.

"నీ మొగడు గుడిసె ఎయ్యకపోతే మాకేం పట్టింది శోభా, గీ ఎండల?"

"గుడిసెకు కాదక్కా. అడివికి పోతానికి సర్దిండు. గంత దూరం పెట్టుకొని గీడ దిగిండు."

"అడివికా? ఎందుకు?"

"ఉత్తగనే. ఊకె కూసునొస్తానికి."

"ఊకెనా? ఎవలన్న వండి పెడతరా?"

"పెడతరంట. లోపటికి రా అక్కా, జర సల్లగున్నది."

తలుపు తెరుచుకుంది. ధనలక్ష్మి లోపల కూర్చుంది. తలుపు పడింది. కొంచెం సేపటికి కారు ఇంజను మోగింది, కారు గట్టు వెంట మెల్లగా కదిలి రోడ్డెక్కి కనుమరుగైంది. నీళ్ళకో, ఉప్పుకో పోయి ఉంటారని రామలింగయ్య అనుకున్నాడు. అగ్గిపెట్టె ఇచ్చి పోలేదని మల్సూర్ అనుకున్నాడు. అనుకుంటుండగానే పెద్దులు ఫోన్ చేశాడు.

"మీ ఆడోళ్ళిద్దరు కొట్టు కాడ దిగి బిస్కట్ పుడలు కొనుక్కున్నరు. నవ్వుకుంట పోయిన్రు. కూపన్ ఇద్దరికంట గద, సరిపోయిందన్నరు."

"పెద్దులన్నా, నువ్వొక అగ్గిపెట్టె పంపియ్యరాదె?"

"నేనియ్య. ఇస్తే నీ దిక్కయినట్టు. నాకు రెండిండ్ల బేరం కావాలె."

ఆ సాయంత్రం నుంచి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. రామలింగయ్య దగ్గర నిప్పు ఉంది. కాని గంజులో అన్నం ఎప్పుడు దించాలో ఆయనకు తెలియదు. అడుగంటి, మాడి, వాసన వచ్చాక దించాడు. మల్సూర్ దగ్గర అర బస్తా బియ్యం ఉంది, ఉప్పూ పప్పూ ఉన్నాయి, నిప్పు లేదు. ఇంటికి పోయి తెచ్చుకుందామంటే, లేచినవాడి గుడిసె మిగలదని ఇద్దరికీ తెలుసు. రాత్రి మల్సూర్ నానబెట్టిన బియ్యం బుక్కాడు. అన్న మాడిన ముక్కలు గీకి తిన్న చప్పుడు వినపడింది.

ఆదివారం పొద్దెక్కినా ఎవరూ కదలలేదు. చివరికి రామలింగయ్యే గొంతు సవరించుకున్నాడు.

"మల్సూరూ, ఒక గిద్దెడు బియ్యముంటయా?"

మల్సూర్ తలెత్తి చూశాడు. అన్న ముఖం ఒక పక్క నున్నగా, ఒక పక్క నల్లగా ఉంది.

"నీ మొఖం సగమే ఉన్నదేందే అన్నా?"

"నువ్వు బొంగులు ఎండకు పెట్టినవ్ గద. నేను గడ్డం పెట్టిన."

మల్సూర్ నవ్వు ఆపుకోవాలని చూశాడు. కుదరలేదు. బియ్యం కొలిచి గంజులో పోశాడు, రామలింగయ్య పొయ్యిలోంచి కొరివి తెచ్చాడు. పప్పు ఎంతసేపు ఉడకాలో మల్సూర్‌కు గొర్ల దగ్గర నేర్చిన లెక్క ఉంది. అన్నదమ్ములు ఒకే గంజులోంచి తిని, ఒకే నులక మంచం మీద ఒరిగారు. కాలువ మీది గాలి చల్లగా వస్తోంది. ఫోన్లు చార్జింగ్ అయిపోయి పడి ఉన్నాయి. ఏమన్నా అడిగేవాళ్ళు చుట్టుపక్కల ఎవరూ లేరు.

"నిజంగ అడివికేనా పోదామనుకున్నది?" అన్నాడు రామలింగయ్య.

"అవు."

"ఎందుకు?"

"నిమ్మలంగ ఉంటానికంట."

రామలింగయ్య తమ్ముడి వైపు ఒత్తిగిలాడు. "గొర్ల కాడ ఉన్నన్నాళ్ళు మనం నిమ్మలంగ ఉన్నమారా?"

"యాడిదే. తోడేళ్ళ భయానికి నిద్రనే లేకపాయె."

ఇంకొంచెం సేపు పడుకున్నారు. తర్వాత రామలింగయ్య లేచి కూర్చొని, "తమ్మీ, సగం సగం చేసుకుందం. నీకు గుంటన్నర, నాకు గుంటన్నర. మన పోరగాండ్లు గిట్ల గుడిసెలేసుకొని మాడిన బువ్వ తినొద్దు," అన్నాడు.

ఇన్నేళ్ళలో అన్న నోటి నుంచి వచ్చిన మంచి మాట అదొక్కటే అనిపించింది మల్సూర్‌కు. ఆయన కూడా లేచి కూర్చున్నాడు.

"సక్కగ కొలిపించి నడుమ రాయి పాతిద్దమే. మల్ల లొల్లి ఉండదు," అన్నాడు.

సోమవారం పక్క ఊళ్ళో కొలతలకు వచ్చిన సర్వేయర్‌ను ఇద్దరూ కలిసే పోయి బతిమాలి తీసుకొచ్చారు. పోయేటప్పుడు ఎవరి గుడిసెకూ కాపలా పెట్టలేదు. దారిలో రామలింగయ్య తమ్ముడికి చాయ కూడా తాగించాడు. సర్వేయర్ మూడు కాళ్ళ మిషను నిలబెట్టి, కాలువ గట్టు మీది పాత రాయి దగ్గర్నుంచి కొలిచి, మ్యాపు విప్పి, మళ్ళీ కొలిచాడు.

"ఈ చెక్క ఎవరిదన్నారు?"

"మా ఇద్దరిది సార్," అన్నారు అన్నదమ్ములు ఒక్కసారే. ఒక మాట ఇద్దరూ కలిసి అనడం వాళ్ళకదే మొదలు.

"మీ ఇద్దరిదీ కాదండి. కాలువది."

ఇద్దరూ కాలువ వైపు చూశారు. అది దాని మానాన అది పారుతోంది.

"కాలువ తవ్విననాడే తీసుకున్న భూమి ఇది. మ్యాపులో ఉంది, చూడండి," అని సర్వేయర్ వేలు పెట్టి చూపించాడు. "గట్టుకు ఇటు పక్క ఇంతమేర వదలాలి."

"ఇన్నేండ్ల నుంచి ఒక్కలు రాలేదు గద సార్," అన్నాడు రామలింగయ్య.

"ఎవరైనా కొలవమంటే కదండీ వచ్చేది. మీరు అడిగారు, కొలిచాను. కొలిచాక రాయకుండా వదిలేయడం నా చేతిలో లేదు."

మల్సూర్‌కు అప్పుడు అర్థమైంది. కొట్టుకుంటున్నంత కాలం ఆ భూమి వాళ్ళదే. కలిసి ఒక్క గంజులో తిన్నారు, పోయింది.

సర్వేయర్ మనుషులు హద్దు రాళ్ళు పాతుతుండగా తెల్ల కారు గట్టు మీద ఆగింది. తోడికోడళ్ళు దిగారు. ధనలక్ష్మి శోభ కొత్త చీర కట్టుకొని ఉంది. ఇద్దరి ముఖాలూ నిద్రపోయి లేచిన పిల్లల ముఖాల్లా ఉబ్బి ఉన్నాయి.

"పరుపు గంత మెత్తగున్నదయ్యా, ఎటు పండుకున్ననో నాకే తెల్వలె," అంది శోభ. "తువ్వాలతోని బాతు బొమ్మ చేసి మంచం మీద పెట్టిన్రు. ఇగ ఏటేటా పోదమనుకున్నం, అక్కా నేను."

శోభ రాయి వైపు చూసింది, తర్వాత తమ మడి వైపు చూసింది. "గా రాయి మన మడిలకు వచ్చిందేందయ్యా?"

కాలువ అక్కడ వంపు తిరిగి ఉంది, ఆ వంపు మల్సూర్ వైపుకు తిరిగి ఉంది. రామలింగయ్యకు పోయింది ఆ చెక్కలో తన సగం మాత్రమే. మల్సూర్‌కు తన సగం గుంటన్నర కాక, పొట్టకొచ్చిన వరితో సహా సొంత మడిలో ఇంకో గుంట హద్దు అవతలికి చేరింది.

వెరసి మల్సూర్‌కు పోయింది రెండున్నర గుంటలు.